వెర్షన్ పోయింది, చుక్కల సున్నా ఉంది

అర్ధరాత్రి దాటాక ఫోను మోగితే గుండె ఎక్కడికి జారుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎవరు పోయారు, ఏ ఊరికి పోవాలి, పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి, పాలాయనకు ఎవరు చెప్పాలి, బర్రెను ఎవరికి అప్పజెప్పాలి... కళ్ళు తెరవకముందే ఈ లెక్కలన్నీ అయిపోతాయి. 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి, రెండు గంటల నలభై నిమిషాలకు, దంతాలపల్లిలో మా ఇంట్లో నా ఫోను టింగుమంది. నిజంగానే ఒకరు పోయారు. కీర్తిశేషుల పేరు 6.2.

అది ఒక రాత సాఫ్ట్‌వేర్ తాలూకు వెర్షన్. సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం చెప్పను. ఊరికే వచ్చింది, ఊరికే వచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని చిన్నప్పుడే నేర్పారు. ఉత్తరం సారాంశం ఇది: మీరు 2021లో ఇచ్చిన ఫిర్యాదు 6.2కు సంబంధించినది, ఆ వెర్షన్‌కు ఆయుష్షు తీరింది, ఇక దానికి మరమ్మతులు ఉండవు, కొత్త వెర్షన్‌లో కూడా మీ బాధ అలాగే ఉంటే పద్నాలుగు రోజుల్లోగా వచ్చి వెర్షన్ అంకె మార్చండి, లేదంటే ఫిర్యాదు మూసేస్తాం, మీ సహకారానికి ధన్యవాదాలు. రాసింది మనిషి కాదు, రోబో. మూడేళ్ళు మంచీ చెడూ అడిగిన నాథుడు లేడు. మొదటి పలకరింపే దినాల కబురు. దశదినకర్మకు పది రోజులే ఇస్తాం మనం, వాళ్ళు పద్నాలుగు ఇచ్చారు. ఆ మర్యాదను మాత్రం కాదనలేం.

ఇంతకీ నా ఫిర్యాదు ఏమిటంటారా? చెబుతాను, కూర్చోండి. 2021లో మా అమ్మాయి పెళ్ళి. ముప్ఫై రెండేళ్ళు తెలుగు పంతులుగా చేసి, వేల మంది పిల్లల చేత ఒత్తులు దిద్దించినవాడిని, సొంత బిడ్డ శుభలేఖను ఎవరితోనో కొట్టిస్తానా? నేనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. యూనికోడ్‌లో, నిష్ఠగా, మూడు రాత్రులు. కొంచెం హుందాగా ఉంటుందని అక్షరాల మధ్య ఎడం రవ్వంత పెంచాను. తెర మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దాన్ని పీడీఎఫ్ చేసి, తెల్లారకముందే ప్రింటుకు పంపాను. అయిదు వందల కార్డులు వచ్చాయి. ‘జ్యేష్ఠ పుత్రిక’ అన్న చోట ఒత్తులు అక్షరాల కింద నుంచి లేచి, పక్కకు వచ్చి, తలా ఒక చుక్కల సున్నా మీద కూర్చున్నాయి.

చుక్కల సున్నా మీరు చూసే ఉంటారు. ఒత్తుకో, గుణింతానికో ఆసరాగా అక్షరం దొరకకపోతే కంప్యూటర్ చుక్కలతో ఒక గుండ్రం గీసి దాని మీద నిలబెడుతుంది. దిక్కులేని ఒత్తులకు అది అనాథాశ్రమం. తప్పు ఫాంటుది కాదు. ఫాంటులో ఒత్తు ఉంది, అక్షరం ఉంది. రెంటినీ ఒకే అక్షరంగా చూసి ఎడం పెంచాల్సిన సాఫ్ట్‌వేర్, మొగుడూ పెళ్ళాలను రెండు సీట్లలో కూర్చోబెట్టిన కండక్టరులా, మధ్యలో ఎడం పెట్టింది. ఈ శాస్త్రమంతా తర్వాత తెలిసింది. ఆ పొద్దున తెలిసింది ఒక్కటే. మా బావమరిది కార్డు అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, “ఏంది బావా, పెండ్లి కార్డుల ముగ్గు చుక్కలు పెట్టిచ్చినవ్?” అన్నాడు.

ముప్ఫై రెండేళ్ళ సర్వీసు, అలా పోయింది.

ఫిర్యాదు చేయమని మా అబ్బాయి చెప్పాడు. వాడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. “బాపూ, తిడితే వినరు, బగ్ రిపోర్టు పెట్టాలె” అన్నాడు. పెట్టాను. అందులో ఉన్న గళ్ళు చూస్తే నా పింఛను కాగితాలు గుర్తొచ్చాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఏది, ఫాంటు ఏది, ఆ ఫాంటుకు వెర్షన్ ఏది, తప్పు మళ్ళీ రావాలంటే వరసగా ఏమేం చేయాలి, ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు వస్తుంది, జరగవలసినది ఏమిటి, జరిగినది ఏమిటి. చివరి రెండు గళ్ళ దగ్గర నా కలం ఆగలేదు. జరగవలసినది: శుభకార్యం. జరిగినది: పరువు నష్టం. అబ్బాయి రాత్రికి రాత్రే అది చెరిపేసి, ఒత్తు ఎక్కడుండాలో ఎక్కడ పడిందో రెండు బొమ్మలు అంటించాడు.

ఆ తర్వాత నిశ్శబ్దం. పెళ్ళయింది, అమ్మాయి కాపురానికి పోయింది, మనవడు పుట్టాడు, వాడికి అక్షరాభ్యాసం దగ్గర పడుతోంది. నా ఫిర్యాదు ‘కొత్తది’ అన్న గుర్తుతోనే ఉంది. మధ్యలో ఒక్కసారి కన్నడం ఆయనెవరో వచ్చి, తమ ఒత్తులకూ ఇదే గతి పట్టిందని ఒక్క వాక్యం రాసిపోయారు. కృష్ణా నీళ్ళ దగ్గర రెండు రాష్ట్రాలకూ ఎన్ని తగాదాలున్నా, చుక్కల సున్నా దగ్గర మాది ఒకే మాట. ట్రిబ్యునల్ అవసరం పడలేదు.

మీలో కొందరు అనవచ్చు, ఇది ఒక్క నీ సాఫ్ట్‌వేర్ గోలే కదా అని. కాదు మహాశయా, ఇది లోకరీతి. ఫెడోరా అని ఒక లైనక్స్ ఉంది. ఆర్నెల్లకోసారి కొత్తది దించుతారు, ఒక్కొక్క వెర్షన్‌కు సుమారు 13 నెలల ఆయుష్షు. అది కన్ను మూసే ముందు, దాని మీద తెరిచి ఉన్న ఫిర్యాదులన్నింటికీ ఒకేసారి నోటీసు పోతుంది. గడువులో ఎవరూ రాకపోతే ‘ఆయుష్షు తీరింది’ అన్న ముద్ర వేసి మూసేస్తారు. మా ఊళ్ళో కంది చేను కూడా ఆరు నెలల పంటే, దాని మీద ఫిర్యాదులు మాత్రం అంత తొందరగా తెగవు. జేమీ జవిన్‌స్కీ అని నెట్‌స్కేప్ బ్రౌజరు తొలినాళ్ళ ప్రోగ్రామరు ఒకాయన, 2003లోనే ఈ పద్ధతి మీద మండిపడ్డాడు. పాత ఫిర్యాదులు ఎవరూ చదవరు, ఉన్నదాన్ని బాగు చేయడం విసుగు కాబట్టి అంతా కొత్తగా రాస్తారు, రాశాక పాత ఫిర్యాదులను కట్టగట్టి మూసేస్తారు అని ఆయన బాధ. నాకంటే 18 ఏళ్ళు ముందున్నాడు. క్యూలో అంత ముందున్నవాడికే తేలలేదు.

ఉబుంటు అని ఇంకో లైనక్స్, వాళ్ళది ఇంకా రమ్యమైన కథ. వాళ్ళ ఫిర్యాదుల చిట్టాలో ఒకటో నంబరును 2004 ఆగస్టు 20న ఆ సంస్థ పెట్టిన మార్క్ షటిల్‌వర్త్ స్వయంగా రాశారు. మార్కెట్లో ఎక్కువ వాటా మైక్రోసాఫ్ట్‌దే ఉంది, అదే బగ్గు. 2013 మే 30న ఆయనే దాన్ని ‘సరిచేయబడింది’ అని మూసేశారు. మైక్రోసాఫ్ట్ ఓడిందా? ఓడలేదు. జనమే కంప్యూటర్లు వదిలి ఫోన్లలోకి పోయారు. బావి పూడ్చకుండానే ఊరు తరలిపోతే, బావిలో పడతామన్న భయం తీరినట్టే కదా.

ఇక్కడ మన తెలుగువాళ్ళు గర్వించదగ్గ ఘట్టం ఒకటి చెప్పకపోతే పంతులుగా నాకు నిద్ర పట్టదు. 2018 ఫిబ్రవరిలో ప్రపంచంలోని ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం దెబ్బకు కుప్పకూలాయి. ఏ అక్షరం? ‘జ్ఞా’. మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతం ఇరుక్కున్న ‘జ్ఞా’ సందేశంలో వచ్చిందంటే చాలు, ఆ యాప్ పడిపోయేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ పడేది. అమెరికాలో, ఐరోపాలో, ఆస్ట్రేలియాలో, తెలుగు అంటే ఏ దిక్కునుంటుందో తెలియనివాళ్ళంతా తెలుగు అంటే హడలిపోయారు. జ్ఞానాన్ని మోయలేక యంత్రాలు మూర్ఛపోవడం నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం, పిల్లలు పోవడం రోజూ చూసిందే. ఫిబ్రవరి 19 కల్లా 11.2.6 అని కొత్త వెర్షన్ వచ్చేసింది, ‘జ్ఞా’ శాంతించింది. రోజుల్లో పని అయిపోయింది.

కనుక నాకు అర్థమైంది ఏమంటే, మన అక్షరం పక్కవాడి ఫోను పగలగొడితే రోజుల్లో మందు దొరుకుతుంది. మన అక్షరమే విరిగితే, దానికి ముసలితనం వచ్చేదాకా ఆగి, దినాల కబురు పంపుతారు. నా ఒత్తు బుద్ధిమంతురాలు. ఎవరి ఫోనూ పగలగొట్టలేదు. అదే దాని ఖర్మ.

మా అబ్బాయి మాత్రం వాళ్ళ తరఫు వకీలు. “బాపూ, వేల రిపోర్టులుంటయ్. చూసేటోళ్ళు నలుగురు. వాళ్ళు గూడ పగలు ఉద్యోగం చేసుకొని రాత్రి కూసుంటరు, జీతం లేదు. సగం తప్పులు కొత్త వెర్షన్ల వాటంతట అవే పోయుంటయ్. ఇప్పుడు ఆరు పాయింట్ రెండు వెతికి, పెట్టి, నీ ఒత్తు పడిందా లేదా చూడాలంటే ఎవని తరం? అట్ల తెరిచి పెట్టి ఆశ పెట్టుడు కంటె మూసుడే మర్యాద.” వాదనలో పస ఉంది. పదో తరగతి పేపర్ల కట్టలు దిద్దినవాడిని, కట్ట బరువు నాకు తెలుసు. కానీ కొత్త సంవత్సరం వచ్చింది కాబట్టి నిరుటి పేపర్లు దిద్దను, కావాలంటే పిల్లలే మళ్ళీ పరీక్ష రాసుకొని రమ్మని నేను ఎన్నడూ అనలేదు. అనాలని చాలాసార్లు అనిపించింది, అది వేరే సంగతి.

ఇక పద్నాలుగు రోజుల గడువు ఏమైందంటారా? నోటీసు చదివి, పొద్దున చూద్దామని పడుకున్నాను. పొద్దున కరెంటు లేదు. మర్నాడు నెట్ లేదు. ఆపై మిర్చి కోతలు. ఈలోగా ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర వచ్చింది. రెండేళ్ళకొకసారి వచ్చే సమ్మక్క సారలమ్మలను ఆపి, ఉండు తల్లీ, వెర్షన్ అంకె మార్చి వస్తానని అనగలమా? మనవడి మొక్కు ఉంది, నిలువెత్తు బంగారం ఇయ్యాలి. బంగారమంటే బెల్లమేలెండి, పై ఊళ్ళవాళ్ళు కంగారు పడకండి. తక్కెట్లో ఒక పక్క మనవడు, ఒక పక్క బెల్లం, వాడు కాళ్ళు ఆడిస్తుంటే ముల్లు నిలవదు, వెనక లైనులో జనం. నేను ఆ ముల్లు వంక చూస్తున్న సమయానికే అక్కడ నా ఫిర్యాదు మూసేశారు. ఇంటికి వచ్చి ఫోను చూస్తే, బెల్లం జిగురు అంటిన తెర మీద, ధన్యవాదాలు.

పట్టువదలని విక్రమార్కుడిలా కొత్త వెర్షన్ తెచ్చుకున్నాను. అదే శుభలేఖ, అదే ఎడం, అదే పీడీఎఫ్. అదే చుక్కల సున్నా, కాకపోతే కొత్త వెర్షన్‌లో చుక్కలు ఇంకొంచెం నాజూకుగా ఉన్నాయి. మళ్ళీ గళ్ళన్నీ నింపి కొత్త ఫిర్యాదు పెట్టాను. ఈసారి మూడో రోజే మనిషి పలికాడు. ఇది పాత ఫిర్యాదుకు నకలు, కాబట్టి దీన్ని మూసి పాతదానిలో కలిపాను అన్నాడు. పాతది తెరిచి చూశాను. అది ఆయుష్షు తీరి మూసి ఉంది. పాతది చచ్చింది కాబట్టి మూశారు, కొత్తది పాతదే కాబట్టి మూశారు. పుష్కరాల్లో పిండం కలిపినంత శుద్ధంగా చేశారు.

అయినా వెర్షన్లు మారడం మాకేమన్నా కొత్తా? 2016 అక్టోబరు 11 పొద్దున నేను లేచేసరికి మా ఇల్లు ఉన్నచోటే ఉంది, జిల్లా మాత్రం మారిపోయింది. అంతకుముందు రోజు దాకా వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలం, ఆ పొద్దున మహబూబాబాద్ జిల్లా దంతాలపల్లి మండలం. రాష్ట్రంలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. బండి నంబరుకు ముందు ఏపీ పోయి టీఎస్ వచ్చింది, టీఎస్ పోయి టీజీ వచ్చింది. భూముల పోర్టల్ 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి. అదే ఏడాది జూన్ 3 నుంచి 20 దాకా ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకుంటే, జనం ప్లాస్టిక్ కవర్లలో మడతలు పడ్డ పాత కాగితాల కట్టలతోనే వచ్చి కూర్చున్నారు. ఎన్ని మారినా, మా వీధి మూల గుంత ఏ జిల్లాలో ఉన్నా గుంతే. దానికి ఆయుష్షు గట్టిది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక చోటికి తీసుకుపోతాను. తొర్రూరులో ఒక డీటీపీ షాపు. పెళ్ళికి పదిహేను రోజులుందనగా, ముగ్గు చుక్కల కార్డులు సంచిలో వేసుకుని, ముఖం దాచుకుని నేను మెట్లెక్కింది అక్కడికే. అర్రలో ఒక పాత కంప్యూటర్, అందులో విండోస్ ఎక్స్‌పీ, దాని మీద పేజ్‌మేకర్, దాంట్లో ‘అను’ అనే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8నే ఆయుష్షు తీరింది. పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన 7.0 ఆఖరి కాన్పు. ఈ మరణ వార్తలేవీ ఆ అర్రలోకి రాలేదు, నెట్ తీగ ఎప్పుడో పీకేశారు. ఆ పూట అక్కడ నాలుగు పెళ్ళిళ్ళు, ఒక ఓణీల ఫంక్షను, రెండు దశదినకర్మలు వరసలో ఉన్నాయి. అన్నింటికీ ఒత్తులు కిందే ఉన్నాయి.

షాపాయన నా కార్డు చూసి నవ్వలేదు, అది ఆయన సంస్కారం. “మీరు కొత్తదాంట్ల కొట్టిన్రు సార్. కొత్తది గట్లనే చేస్తది” అన్నాడు, జలుబుకు డాక్టరు చెప్పినట్టు. మానిటర్ పక్కన మేకుకు సుతిలి తాడుతో వేలాడుతున్న నోటుబుక్కు తీశాడు. అట్ట ఊడిపోయి, అంచులు ఇంకు మరకలతో నల్లబడి, మధ్యలో ఒక పేజీకి టీ గ్లాసు అచ్చు. లోపల ఆయన చేతిరాతలో వరుసగా: ఈ ఒత్తు ఈ అక్షరం కిందికి రాకపోతే ఏ మీట కొట్టాలి, ఫలానా గుడిదీర్ఘం తలకట్టును కొరికేస్తే ఎంత జరపాలి, ప్రింటులో ‘క్ష’ కాలు తెగితే ఏ సైజు పెట్టాలి, ఏ పని చేస్తే మొత్తం ఆగిపోతుంది, ఆగితే ఏం చేయాలి. ఎర్ర సిరాతో కొన్ని, నీలంతో కొన్ని, పెన్సిలుతో కొన్ని. కొట్టివేతలు రెండో మూడో.

ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఇదే కదా నేను వెతుకుతున్న బగ్ చిట్టా! ఇందులో ఏ ఫిర్యాదూ మూయలేదు, ఏదీ నకలని కలపలేదు, ఎవరికీ పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వలేదు. చచ్చిన సాఫ్ట్‌వేర్‌లో కొత్త తప్పులు పుట్టవు. ఉన్న తప్పులు ఏళ్ళు గడిచేకొద్దీ ముదిరి, ఆచారాలవుతాయి. కుడికాలు ముందు పెట్టినట్టు, ఈ ఒత్తుకు ఈ మీట. అయిదు వందల కార్డులు సాయంత్రానికి చేతికొచ్చాయి. ‘జ్యేష్ఠ పుత్రిక’ కింద ఒత్తులు బుద్ధిగా కూర్చున్నాయి. ఆ సంబరంలో, ఆ అక్షరాలు కాస్త వాట్సాప్‌లో కూడా పంపండి అన్నాను. పంపాడు. అను అక్షరాలు బయట ఫోన్లలో తెలుగుగా నిలవవు కదా. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు వచ్చాయి. బావమరిది ఫోన్ చేసి, ఈసారి ఇది ఏ పురాణంలోది అన్నాడు.

ఇన్ని చెప్పి, నా ఇంటి సంగతి దాస్తే పెద్దవాళ్ళు ఒప్పరు. మా పాత పెంకుటిల్లు విప్పి 2019లో స్లాబు వేశాం. పాత ఇంటి మీద మా ఆవిడ ఫిర్యాదులు, మా పెళ్ళయిన కొత్తలో మొదలైనవి, ఒక దస్తానికి తక్కువ ఉండవు. పొయ్యి గది పెంకు జారింది, సజ్జ మీద ఎలుకలు, బావి గిలక కిర్రుమంటుంది, వానాకాలం ముందర తలుపు బిగుసుకుంటుంది. గృహప్రవేశం నాడు పాలు పొంగిన శుభముహూర్తాన నేను గంభీరంగా ప్రకటించాను: ఆ ఇల్లే లేదు కనుక, దాని ముచ్చట్లన్నీ ఈ రోజుతో సరి. ఆవిడ పాలగిన్నె వైపు చూసి ఊరుకుంది. నేను గెలిచాననుకున్నాను.

తలుపు మాత్రం పాతదే పెట్టించాను. మా నాయిన చేయించిన టేకు తలుపు, పారేయడానికి చేతులొస్తాయా? వడ్రంగి కూడా, ఇసొంటి కట్టె ఇప్పుడెక్కడ దొరుకుతది సారూ అని నా గర్వానికి ఇంకాస్త నూనె పోశాడు. ఇల్లు కొత్తది, రంగు కొత్తది, గొళ్ళెం కొత్తది. తలుపు రెక్క కింద అంచు మాత్రం వాన చినుకు పడితే ఎప్పటిలాగే ఉబ్బుతుంది.

మొన్న శ్రావణంలో సంత నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. రెండు చేతుల్లో సంచులు, చంకలో గొడుగు తెరవడానికి వీల్లేకుండా. తలుపు తోశాను, రాలేదు. భుజంతో తోశాను, రాలేదు. మోకాలు పెట్టి, కొంచెం పైకెత్తి తోస్తే వస్తుందని ముప్ఫై ఏళ్ళ అనుభవం చెబుతూనే ఉంది, మోకాలే ఇప్పుడు మాట వినదు. చూరు నీళ్ళు సరిగ్గా మెడ మీద పడుతున్నాయి. “తలుపు వస్తలేదే, లోపటి నుంచి గుంజు!” అని అరిచాను.

లోపల గాజుల చప్పుడయింది. తలుపు దాకా వచ్చి ఆగింది.

“ఏ ఇంటి తలుపు?” అంది.